మీకు తెలుసా? పడవ కొయ్యను కూడా శ్రుతి చేస్తారు

నందిగామలో మా వీధి మలుపు దగ్గర ఒక కరెంటు స్తంభం ఉంది. తీగలు అక్కడ కుడిచేతి వైపు తిరుగుతాయి. రెండు వైపుల తీగలూ కలిసి స్తంభాన్ని మలుపు లోపలికి గుంజుతుంటే, బయటివైపు నుంచి ఒక స్టే వైరు దాన్ని పట్టుకుని ఉంటుంది. మొన్న ఆషాఢం గాలివానకు ఆ స్తంభం జానెడు వాలింది. పొద్దున్నే వచ్చిన లైన్‌మన్ స్తంభం వంక చూడనైనా లేదు. నేరుగా స్టే వైరు దగ్గరికి వెళ్లి రెండు వేళ్లతో లాగి వదిలాడు. తీగ ఊరికే ఊగింది. "స్తంభానిదేం లేదు మాస్టారూ, స్టే వదులైంది" అన్నాడు. కింద నట్టు తిప్పడం, లేచి వెళ్లి దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూడడం, మళ్లీ వచ్చి ఇంకాస్త తిప్పడం. అరగంటలో స్తంభం నిటారుగా నిలబడింది. వెళ్లేముందు తీగను మళ్లీ మీటాడు. ఈసారి బొంయ్‌మని అదిరింది.

తెరచాప పడవ నడిపేవాళ్లు నీళ్లలోకి వెళ్లేముందు చేసే పని కూడా అచ్చంగా ఇదే. మనది మెట్ట. జగ్గయ్యపేట నుంచి బందరు సముద్రం సుమారు 150 కిలోమీటర్లు. అయినా ఈ విద్యలో మనకు తెలియని ముక్క ఒక్కటీ లేదని ఈ వారం చూపిస్తాను.

నిలబెట్టే తాళ్లు

పడవలో తాళ్లు రెండు రకాలు. చాపను ఎత్తడానికీ, దించడానికీ, గాలికి తగ్గట్టు తిప్పడానికీ లాగే తాళ్లు ఒక రకం. ఇవి ఎప్పుడూ చేతుల్లో ఆడుతూ ఉంటాయి. రెండో రకానికి తెరచాపను మోసే కొయ్యను నిలబెట్టడం ఒక్కటే పని. అవి కదలవు. వీటినే స్టాండింగ్ రిగ్గింగ్ అంటారు. కొయ్య తల నుంచి పడవ ముక్కుకు దిగేది ఫోర్‌స్టే, వెనక కొనకు దిగేది బ్యాక్‌స్టే, రెండు పక్కలకూ దిగేవి ష్రౌడ్‌లు. మనం ముందు తీగ, వెనక తీగ, పక్క తీగలు అనుకుందాం. లైన్‌మన్ నోట్లో నానే 'స్టే' అన్న మాట అసలు ఓడలది. అక్కడి నుంచి ఒడ్డెక్కి మన స్తంభాల దాకా వచ్చింది.

పది డిగ్రీల కష్టం

కరెంటు స్తంభానికి ఉన్న సుఖం పడవ కొయ్యకు లేదు. నేల మీద చోటుంది కాబట్టి స్టే వైరును దూరంగా, ఏటవాలుగా పాతుకోవచ్చు. 3 మీటర్ల వెడల్పు పడవ మీద 12 మీటర్ల కొయ్య నిలబెడితే, పక్క తీగకు దొరికే చోటు కొయ్య మొదటి నుంచి మీటరున్నర మాత్రమే. తీగ దాదాపు కొయ్యను అంటుకునే దిగుతుంది.

ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. గాలి కొయ్య తలను 100 కిలోల బలంతో పక్కకు నెట్టిందనుకుందాం. తీగ కొయ్యకు 45 డిగ్రీల ఎడంలో ఉంటే దాని మీద పడేది 141 కిలోలు. 10 డిగ్రీల ఎడంలో ఉంటే 576 కిలోలు. మన 12 మీటర్ల కొయ్యకు వచ్చే 7 డిగ్రీల ఎడంలో అయితే 820 కిలోలు. గాలి అదే, తీగ అదే. కోణం ఇరుకైనకొద్దీ తీగ ఉసురు పోతుంది. పైగా ఆ లాగుడంతా కొయ్యను కిందికి, పడవ పొట్టలోకి నొక్కుతుంది.

అందుకే పెద్ద పడవల కొయ్యకు సగం ఎత్తులో రెండు వైపులా చేతులు చాపినట్టు అడ్డ గెడలు ఉంటాయి. వీటిని స్ప్రెడర్లు అంటారు. పక్క తీగ వాటి కొనల మీదుగా వంగి దిగుతుంది. అలా వంగడం వల్ల పైన కొయ్యకూ తీగకూ మధ్య ఎడం పెరుగుతుంది. చూడడానికి అలంకారంలా ఉండే ఆ రెండు గెడలు లేకపోతే ఎత్తయిన కొయ్య నిలవదు.

రూపాయి బిళ్లలతో ఒక పరీక్ష

బల్ల మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, దాని చుట్టూ అవే బిళ్లలు ఆనించండి. సరిగ్గా 6 పడతాయి. ఏడోదానికి చోటుండదు. వాటి చుట్టూ ఇంకో వరస పెడితే 12. మొత్తం 19.

పడవ పక్క తీగను అడ్డంగా కోస్తే కనిపించేది ఇదే బొమ్మ. నడుమ 1, చుట్టూ 6, ఆపైన 12, మొత్తం 19 ఉక్కు పోగులు. మన కరెంటు స్టే వైరులో 7 పోగులు, అంటే నడుమ ఒకటి, చుట్టూ ఆరు. రెండూ ఒకే ముగ్గు, పడవది ఒక వరస ఎక్కువ. చిటికెన వేలు కన్నా సన్నగా, 6 మిల్లీమీటర్ల మందం ఉండే 19 పోగుల స్టెయిన్‌లెస్ తీగ తెగాలంటే 3 టన్నులకు దగ్గరగా బరువు వేలాడదీయాలి.

ట్రాక్టరు వెనకే ఉంది

తీగను బిగించే సాధనం పేరు టర్న్‌బకిల్. ఎలా ఉంటుందో చూడాలంటే విశాఖ రేవు దాకా వెళ్లక్కర్లేదు. ఏ ట్రాక్టరు వెనకకైనా వెళ్లి టాప్ లింక్ చూడండి. నడుమ ఒక గొట్టం, రెండు కొనల్లో రెండు మరలు. కిటుకంతా మరల్లో ఉంది. ఒకటి కుడి మర, ఇంకోటి ఎడమ మర. గొట్టాన్ని ఒక వైపు తిప్పితే రెండు కొనలూ ఒకేసారి లోపలికి వస్తాయి, రెండో వైపు తిప్పితే రెండూ ఒకేసారి బయటికి పోతాయి. తీగ మెలిపడదు.

రేగడి మన్ను, గ్రీజు కలిసి గట్టిపడిన ఆ గొట్టాన్ని చేత్తో పట్టి తిప్పిన రైతుకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఒక్క చుట్టు తిప్పితే కంటికి ఏమీ కనిపించదు. సాలు వేశాక తెలుస్తుంది. టాప్ లింక్ కాస్త పొట్టి చేస్తే కల్టివేటరు ముక్కు వంగి మట్టిని పట్టుకుంటుంది. పడవలోనూ అంతే. అర చుట్టు తేడా ఒడ్డున తెలియదు, గాలిలోకి వెళ్లాక తెలుస్తుంది.

నాణెం మీద ఓడ, ఓడ కింద నాణెం

శాతవాహన రాజుల సీసపు నాణేల్లో ఓడ బొమ్మ ఉన్నవి ఉన్నాయి. పులుమావి పేరుతోనూ, యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతోనూ దొరికాయి. క్రీస్తుశకం 2వ శతాబ్దం నాటివి. ఓడకు రెండు కొయ్యలు. బాగా నిలిచిన నాణేన్ని భూతద్దం కింద పెడితే కొయ్యల తలల నుంచి ఓడ కొనల వైపు దిగిన సన్నని గీతలు కనిపిస్తాయి. అవే ముందు తాడూ, వెనక తాడూ. వేలి గోరంత చోటులో అచ్చు చెక్కిన కంసాలి ఆ తాళ్లను వదిలేసినా అడిగేవాడు లేడు. అయినా వదల్లేదు. ఓడ అంటే తాళ్లతో నిలబడేదని అతనికి తెలుసు.

ఆ నాణేలు చలామణిలో ఉన్న రోజులకు మన జగ్గయ్యపేట స్తూపం అప్పటికే పాతది. ఊరివాళ్లు ధనంబోడు అని పిలిచే ఆ దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి చూశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే పనివాడు అక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టినట్టు శాసనం ఉంది. రాతి స్తంభానికి స్టే అక్కర్లేదు, తన బరువే తనను నిలబెడుతుంది. ఓడ కొయ్యకు ఆ వెసులుబాటు లేదు. బరువైతే ఓడ బోర్లా పడుతుంది. తేలిగ్గా ఉండాలి, అయినా నిలబడాలి. ఆ రెండూ కుదిరేది తాళ్ల వల్లే.

ఇంచుమించు అదే కాలంలో రోమన్లు ఇంకో పని చేసేవారు. కొయ్య మొదలు కూర్చునే గూటిలో, కొయ్య కింద ఒక నాణెం పెట్టేవారు. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర 1962లో బయటపడిన రోమన్ ఓడ గూటిలో డొమిషియన్ చక్రవర్తి కంచు నాణెం దొరికింది. దాని మీద చుక్కాని పట్టుకున్న అదృష్ట దేవత బొమ్మ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో నవధాన్యాలతో పాటు రూపాయి వేసే మనకు ఇది వింతేమీ కాదు. ఇప్పటికీ చాలా దేశాల్లో కొత్త పడవకు కొయ్య నిలబెట్టేటప్పుడు కింద ఒక బిళ్ల పెడతారు.

ఇంతకీ శ్రుతి చేయడం ఎలా?

ఊళ్లో ధ్వజస్తంభం నిలబెట్టే రోజు చూసినవాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే. నాలుగు దిక్కులా నలుగురైదుగురు చొప్పున మోకులు పట్టుకుని నిలబడతారు. ఎవరికి వారు లాగితే మాను ఎటో ఒకవైపు పడుతుంది. అందుకే అక్కడ మేస్త్రి ఒక్కడిదే మాట. "తూర్పు వదలండి... పడమర పట్టండి... ఉత్తరం అలాగే ఉంచండి." చేతిలో తూకం గుండు. ఒకవైపు వదలకుండా ఇంకోవైపు బిగించడు.

పడవ కొయ్యకూ ఇదే వరస. గాలి లేని పొద్దుటి పూట, పడవను రేవులో కట్టి, అది నీళ్లలో వంపు లేకుండా తేలుతోందని చూసుకుని మొదలుపెడతారు. అన్ని తీగలూ ముందు చేత్తో బిగినంత వరకే. చాప ఎత్తే తాడుకు కొలత టేపు కట్టి కొయ్య తలదాకా పంపి, పడవ కుడి అంచుకూ ఎడమ అంచుకూ ఒకే గుర్తు దగ్గర కొలుస్తారు. రెండు కొలతలూ సమానమైతే కొయ్య నడుమ ఉన్నట్టు.

తరవాత వాలు. ఇక్కడ వచ్చేది మన తాపీ మేస్త్రి తూకం గుండే. చాప తాడుకే ఒక బరువు కట్టి వదిలితే, అది కొయ్య మొదటికి ఎంత వెనగ్గా వేలాడుతుందో అదే వాలు. చాలా పడవల్లో కొయ్య సూటిగా ఉండదు, కొద్దిగా వెనక్కి ఒరిగి ఉంటుంది. ముందు తీగ పొడవు మార్చి ఈ వాలు సరిచేస్తారు. వాలు ఎక్కువైతే పడవ మాటిమాటికీ గాలికి ఎదురు తిరగాలని చూస్తుంది. చుక్కాని పట్టినవాడి భుజం లాగేస్తుంది. తక్కువైతే చుక్కాని చేతిలో చచ్చుబడినట్టు ఉంటుంది. నడిపేవాడు కోరుకునేది ఈ రెంటి నడుమ, చేతికి కొంచెం బరువు తగిలే తీరు.

ఆపైన పక్క తీగలు. కొయ్య తలదాకా పోయేవి ముందు. కుడివైపు రెండు చుట్లు, ఎడమవైపు రెండు చుట్లు, మళ్లీ కుడి. లెక్క తప్పకూడదు. తరవాత అడ్డ గెడల దగ్గరే ఆగిపోయే కింది తీగలు. ఇవి కొయ్య నడుమును పట్టుకుంటాయి. బిగించేటప్పుడు కొయ్య మొదట్లో చెంప ఆనించి, చాప అంచు జారే గాడి వెంట పైకి చూస్తారు. పొట్టలా ఎక్కడ ఉబ్బినా ఆ గాడిలో కనబడిపోతుంది.

ఇదంతా సగం పనే. మిగతా సగం గాలిలో. ఓ మోస్తరు గాలికి పడవ 15 నుంచి 20 డిగ్రీలు ఒరిగి పరుగెత్తుతున్నప్పుడు గాలివైపు తీగలు బిర్రుగా ఉంటాయి, అవతలివైపువి కాస్త సడలుతాయి. కాస్త సడలితే సరే, ఉయ్యాల తాడులా ఊగుతుంటే వదులన్నమాట. అప్పుడు ఆ సడలిన వైపే బిగిస్తారు. బరువు మోస్తున్న వైపు మర తిప్పితే మర చెడుతుంది. ఎన్ని చుట్లు తిప్పారో గుర్తు పెట్టుకుని, పడవను తిప్పి రెండో వైపు ఒరగనిచ్చి, అక్కడా అన్నే చుట్లు. ఇప్పుడు మళ్లీ గాడి వెంట చూపు. కొయ్య తల గాలి నెట్టినవైపు వాలితే పై తీగలు వదులు. నడుము వాలితే కింది తీగలు వదులు. ఈ ఒక్క ముక్క చాలు, కొత్తవాడైనా కొయ్యను చదవగలడు.

రెండు వైపులా సమానం అన్న మాట విలువ నాకు చిన్నప్పుడే తెలిసింది. మా నాన్న వరిగడ్డి ట్రక్కు కట్టిస్తుంటే కుడివైపు మోకు నాకిచ్చి బిగించమన్నారు. నా బలం ఎంత! పైకి బాగానే కనిపించింది. కాలవ తూము దగ్గర ట్రక్కు ఒక చక్రం గుంటలో దిగింది. గడ్డి మొత్తం ఎడమవైపుకు జరిగి, అటు గట్టిగా ఉన్న మోకు పుటుక్కున తెగింది. తెగింది నేను కట్టింది కాదు, ఆయన కట్టింది. "నీది వదులు కాబట్టే నాది తెగింది" అన్నారు నాన్న. పడవ తీగలు కట్టేవాళ్లూ ఇదే చెబుతారు. వదులు తీగ అలలకు పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి కుదుపు మీద కుదుపు పుట్టిస్తుంది. నిలకడగా లాగే బరువు కన్నా ఆ కుదుపులే ఉక్కును తొందరగా తినేస్తాయి.

అలాగని బిగించుకుంటూ పోయినా ముప్పే. మితిమీరి బిగిస్తే కొయ్య పడవ పొట్టను కిందికి తోస్తుంది, ముందు వెనక కొనలు పైకి లేస్తాయి. కొన్ని పడవల్లో లోపలి గది తలుపులు మూసుకోవడం మానేస్తాయి. తలుపు పట్టేసిందంటే వడ్రంగిని కాదు, పైన టర్న్‌బకిల్‌ను చూడాలి.

అంతా కుదిరాక ప్రతి టర్న్‌బకిల్‌కూ స్ప్లిట్ పిన్ను గుచ్చి రెక్కలు విడదీస్తారు. అది లేకపోతే అలల అదురుకు మర తనంతట తానే తిరిగి విడిపోతుంది. కొత్త తీగ మొదటి ప్రయాణాల్లో కొంచెం సాగుతుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ ఒకసారి అంతా చూసుకోవాలి.

రెండు మీటర్లకు ఒక మిల్లీమీటరు

తీగ ఎంత బిగిసిందో కొలవడానికి ప్రత్యేకమైన గేజీలు ఉన్నాయి. అవి లేకపోయినా మడత కొలబద్ద చాలు. 19 పోగుల స్టెయిన్‌లెస్ తీగ 2 మీటర్ల పొడవులో 1 మిల్లీమీటరు సాగితే, దాన్ని తెంచే బలంలో 5 శాతం దాని మీద ఉన్నట్టు. తీగ లావైనా సన్నమైనా ఇదే లెక్క. చేత్తో బిగించినప్పుడు కొలబద్ద ఒక కొన తీగకు కట్టి, 2 మీటర్ల దగ్గర గుర్తు పెట్టుకుని, టర్న్‌బకిల్ తిప్పుతూ గుర్తు ఎంత జరిగిందో చూస్తారు. 3 మిల్లీమీటర్లు జరిగితే 15 శాతం. పై పక్క తీగలకు సాధారణంగా 15 నుంచి 20 శాతం దాకా బిగిస్తారు. మీటర్ల పొడవు ఉక్కు తీగ గోటి మందమంత సాగడాన్ని చూసి టన్నుల బరువు చెప్పే ఈ లెక్క నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటగా ఉంటుంది.

గేజీ, కొలబద్ద రెండూ లేనివాళ్లు మీటి చూస్తారు. తీగ పొడవు కాబట్టి వీణలా పలకదు, అదురు చేతికి తెలుస్తుంది. కుడి తీగతో దాని జోడు ఎడమ తీగను మాత్రమే పోల్చాలి, పొడవు వేరైతే అదురూ వేరు. నాదం రెట్టింపు ఎత్తుకు పోవాలంటే బిగువు నాలుగింతలు కావాలి. అందుకే చెవికి చిన్నగా తోచే తేడా తీగలో పెద్దదే. మృదంగం గట్టు చుట్టూ దెబ్బ కొడుతూ అన్ని వైపులా ఒకే నాదం తెచ్చే విద్వాంసుడి పనికీ దీనికీ తేడా నాకైతే కనబడలేదు.

నులక మంచం రహస్యం

ఉక్కు రాకముందు ఇవన్నీ నార మోకులే. నార తాడు తడిస్తే ఉబ్బి పొట్టిదవుతుంది, ఆరితే వదులవుతుంది. వానలో తడిసిన నులక మంచం డప్పులా బిగుసుకోవడం, ఎండాకాలం నడుం దిగిపోయి ఉయ్యాలలా అవడం మనం ఎరగనిదా? కాళ్ల వైపు తాడు లాగి మంచాన్ని మళ్లీ బిగించినట్టే, ఆ రోజుల ఓడల మీద నావికులు వాతావరణం మారినప్పుడల్లా మోకులు సర్దుకుంటూ ఉండేవారు. టర్న్‌బకిల్ బదులు మూడు కన్నాల గుండ్రని చెక్కలు జంటగా ఉండేవి. వాటి కన్నాల గుండా సన్నతాడు అటూ ఇటూ పోనిచ్చి లాగి కట్టేవారు.

మన పొలాల్లో పచ్చిరొట్టకు చల్లే జనుము ఉంది చూశారూ, దాని నారకు ఒకప్పుడు ఓడల తాళ్ల కోసం గిరాకీ ఉండేది. సామర్లకోటలో పనిచేసి తరవాత కలకత్తా వెళ్లిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ జనుముతో సహా మన దేశపు నారలెన్నింటినో బరువులు కట్టి పరీక్షించాడు. గోదావరి సీమలో కోరంగి పక్కన చెక్క ఓడలు కట్టిన ఊరి పేరే తాళ్లరేవు. తాళ్లు అంటే తాడిచెట్లూ అవుతాయి, మోకులూ అవుతాయి. ఆ రేవుకు రెండూ అందమే.

19వ శతాబ్దం నడుమ నుంచి ఇనుప తీగలు వచ్చాయి, ఆపైన స్టెయిన్‌లెస్. ఇప్పుడు మళ్లీ తాడే వస్తోంది. డైనీమా అనే కృత్రిమ నారతో పేనిన తాడు ఉక్కంత బలం ఉండి నీళ్లలో తేలుతుంది. పందెపు పడవలు దాన్ని వాడుతున్నాయి.

ఎండకు వదులవదు, బిగుస్తుంది

మేలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున నందిగామ బైపాసు మీద నిలబడి చూడండి, కరెంటు తీగలు వదులై కిందికి వేలాడుతుంటాయి. పడవ తీగలు ఇందుకు తిరగబడతాయి. కొయ్య అల్యూమినియం, తీగ స్టెయిన్‌లెస్ ఉక్కు. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. 20 డిగ్రీలు వేడెక్కితే 10 మీటర్ల కొయ్య సుమారు 4.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తీగ 3.2 మాత్రమే. పెరిగిన కొయ్య తీగను పైకి తోస్తుంది. మన 2 మీటర్ల లెక్కలో చూస్తే తెంచే బలంలో ఒక శాతం పైచిలుకు. కొంపలు ముంచేంత కాదు గానీ, చల్లటి పొద్దున బిగించిన కొయ్య మిట్టమధ్యాహ్నం అదే కొయ్య కాదు.

స్టే లేని పడవలు

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు తెరచాప నేర్చుకునే పడవలు చూశారా? ఆప్టిమిస్టు, లేజర్. వాటికి ఒక్క స్టే కూడా ఉండదు. గూటిలో గుచ్చిన కొయ్య తాటిచెట్టులా ఒంటరిగా నిలబడి, గాలికి వంగి, మళ్లీ లేస్తుంది. చిన్న పడవకు అది చాలు. ఇద్దరు నడిపే 420, 470 తరగతి పడవలకు వచ్చేసరికి ముందు తీగా, పక్క తీగలూ మొదలు. అక్కడి నుంచి శ్రుతి చేయడమూ మొదలు.

ఇంకో వింత. అరబ్బు ఓడల్లో పక్క తాళ్లు 'కదలనివి' కావు. ఓడ మలుపు తిరిగినప్పుడల్లా గాలి వచ్చే వైపుకు మార్చి కట్టేవారు. గాలి లేని వైపు తాడు ఎందుకని వాళ్ల లెక్క.

తారిణి

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఒక తెరచాప పడవలో భూమిని చుట్టడానికి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు, విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. పడవ పేరు తారిణి. గంజాం జిల్లా కొండ మీది తారాతారిణి అమ్మవారి పేరది. అటు తెలుగువాళ్లూ మొక్కే తల్లే. గోవాలోనే కట్టిన ఆ పడవ పొడవు 55 అడుగులు, కొయ్య ఎత్తు 25 మీటర్లు. మన వీధి కరెంటు స్తంభాలు మూడింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్స్, దక్షిణాఫ్రికా రేవుల్లో ఆగుతూ, 2018 జనవరిలో కేప్ హార్న్ దాటి, సుమారు 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరారు. దారిలో చుక్కాని యంత్రం చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు. కొయ్య మాత్రం నిలబడే ఇంటికి వచ్చింది.

అదెంత గొప్పో అదే ఏడాది తెలిసింది. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రం తుపాను మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ తూరియాను బోర్లా దొర్లించింది. కొయ్య విరిగింది, ఆయన వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. మూడు రోజులు కదలలేక పడుకున్న మనిషిని ఫ్రెంచి మత్స్య గస్తీ ఓడ ఒకటి కాపాడింది. ఆ పందెంలో ఐదు పడవల కొయ్యలు విరిగాయి. టోమీ 2022లో మళ్లీ అదే పందెంలో దిగి, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ఒడ్డు చేరారు.

పత్తి పింజ

స్టెయిన్‌లెస్ తీగలను పదేళ్లకోసారి మార్చడం మంచిదంటారు. ఆ లోపు కూడా దూరప్రయాణం చేసే పడవల్లో రేవు చేరగానే ఒకరు కొయ్య ఎక్కి పైనుంచి కిందిదాకా తీగలన్నీ తడిమి చూస్తారు. 19 పోగుల్లో ఒకటి తెగితే దూరం నుంచి కనబడదు. తీగ బిగింపులోకి దూరే చోట ఉప్పునీరు చేరి, తుప్పు లోపల్లోపలే తొలుస్తుంది. తెగిన పోగు కొన సూదిలా ఉంటుంది, వట్టి చేత్తో రాస్తే చెయ్యి చీరుకుపోతుంది.

అందుకని వాళ్లు వాడేది మన చందర్లపాడు, కంచికచర్ల చేలల్లో పండేదే. గుప్పెడు దూది. తీగ చుట్టూ మెత్తగా పట్టుకుని పైనుంచి కిందికి నెమ్మదిగా దింపుతారు. దిగినంతసేపూ నున్నగా జారాలి. ఎక్కడైనా ఒక్క పింజ చిక్కుకుని తీగ మీద తెల్లగా మిగిలిందా, ఆ తీగ మార్చేదాకా పడవ రేవు కదలదు.